‘నీ ఐపీ నా చేతిలో ఉంది’

ఆటలో ఓడిపోతున్నవాడు గెలుస్తున్నవాణ్ణి బెదిరించడం కొత్త విషయమేమీ కాదు. వీధిలో గోలీలు ఆడుకునే రోజుల్లో ‘ఉండు, మా అన్నను పిలుచుకొస్తా’ అనేవారు. ఇంటర్నెట్‌లో ఆడుకునే నేటి పిల్లల నోట మరో మాట వినిపిస్తోంది: ‘నీ ఐపీ నా చేతిలో ఉంది. మీ ఇల్లు ఎక్కడో నాకు తెలుసు.’ ఈ రెండు వాక్యాలనూ ఒకే ఊపిరిలో అంటారు, మొదటిది నిజమైతే రెండోది కూడా నిజమే అన్నట్టు. పన్నెండేళ్ళ పిల్లవాడు దానిని నమ్మేస్తాడు. తండ్రిని అడుగుదామంటే ఆయనకూ ఈ సంగతి తెలియదు.

నిజానికి ఈ రెండు వాక్యాల మధ్య చాలా దూరం ఉంది. మొదటిది కొన్ని సందర్భాలలో నిజం కావచ్చు. రెండోది, కేవలం ఆ నంబరును బట్టి అన్న మాట అయితే, దాదాపు ఎప్పుడూ అబద్ధమే. ఆ అబద్ధం నిజమయ్యే దారి వేరే ఉంది. దాని సంగతి తరువాత చెబుతాను.

ముందు నంబరు గురించి తెలుసుకుందాం. ఇంటర్నెట్‌తో కలిసే ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉండాలి. దానినే ఐపీ అడ్రసు అంటారు. అందులో ‘అడ్రసు’ అనే మాట ఉండటమే సగం భయానికి కారణం. డోర్ నంబరూ వీధి పేరూ అందులో ఉండవు. పంపిన సమాచారం ఏ యంత్రానికి చేరాలో చెప్పే గుర్తు మాత్రమే అది. మీరు ఒక వెబ్‌సైటు తెరిచినప్పుడు ఆ పేజీని ఎక్కడికి పంపాలో అవతలి యంత్రానికి తెలియాలి కదా! కాబట్టి మీ నంబరు దానికి తెలుస్తుంది. ఈ విధంగా అది రోజూ వందల చోట్ల తెలుస్తూనే ఉంటుంది. ఎవరికో తెలిసినంత మాత్రాన ఇల్లు కూలిపోదు.

వసతిగృహం ఉన్న మదరసాలో చదివినవారికి మిగిలిన సంగతి సులభంగా అర్థమవుతుంది. కార్యాలయంలో ఒకే ఫోను ఉంటుంది. రెండు వందల మంది పిల్లల తల్లిదండ్రులూ ఆ నంబరుకే ఫోను చేస్తారు. ఫోను ఎత్తినవారు పిల్లవాణ్ణి గది నుండి పిలిపిస్తారు. బయటివారికి తెలిసేది కార్యాలయం నంబరే గాని, ఏ పిల్లవాడు ఏ గదిలో ఉన్నాడన్నది కాదు. ఇంట్లో గోడకు తగిలించిన రౌటర్ కూడా ఈ పనే చేస్తుంది. అబ్బా ఫోను, అమ్మీ ఫోను, అక్క ల్యాప్‌టాప్, తమ్ముడి ట్యాబ్, ఇవన్నీ బయటి ప్రపంచానికి సాధారణంగా ఒకే నంబరుతో కనిపిస్తాయి. ఇక మొబైల్ డేటా విషయానికి వస్తే ఆ కార్యాలయం ఇంకా పెద్దది. పాత పద్ధతిలోని నంబర్లు మొత్తం 429 కోట్లకు కాస్త పైన మాత్రమే. వాటి ప్రపంచస్థాయి నిల్వ 2011 ఫిబ్రవరిలోనే పంపిణీ అయిపోయింది. అందుచేత జియో వంటి సంస్థలు ఒక్కో నంబరు వెనుక ఎందరో చందాదారులను ఉంచుతున్నాయి. ఐపీవీ6 అనే కొత్త పద్ధతిలో ఈ కొరత లేదు. అందులో పరికరానికి ఒక నంబరు చొప్పున ఇవ్వవచ్చు. అయితే నేటి ఫోన్లు ఆ నంబరును ఎప్పటికప్పుడు మార్చుకుంటూ ఉంటాయి.

నంబరు చేతికి చిక్కినవాడికి ఏం తెలుస్తుంది? ఉచితంగా దొరికే వెబ్‌సైట్లలో దానిని వేసి చూస్తే దేశం పేరు, ఇంటర్నెట్ సంస్థ పేరు, ఉజ్జాయింపుగా ఒక ఊరి పేరు వస్తాయి. ఆ ఊరు కూడా తరచుగా తప్పే. కడపలో కూర్చుని ఆడుతున్నవాడు హైదరాబాదులో ఉన్నట్టు కనిపించవచ్చు. ఫలానా రోజు ఫలానా నిమిషాన ఆ నంబరును ఏ చందాదారుడు వాడాడో ఇంటర్నెట్ సంస్థ రికార్డులలోనే ఉంటుంది. చట్టప్రకారం అడిగిన పోలీసులకు సంస్థ దానిని ఇస్తుంది గాని ఆటలో ఓడిన కుర్రవాడికి ఇవ్వదు.

ఈ ఉజ్జాయింపును నిజమని నమ్మితే ఏమవుతుందో తెలిపే ఉదంతం ఒకటి అమెరికాలో జరిగింది. కాన్సాస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరు ఉంది. దానికి సమీపంలో ఒక పొలం, పొలంలో ఒక ఇల్లు. ఏళ్ళ తరబడి ఆ ఇంటికి అపరిచితులు వస్తూనే ఉన్నారు. పోయిన వస్తువులు వెతుక్కుంటూ వచ్చినవారు, మోసగాళ్ళు ఇక్కడే ఉన్నారని వచ్చిన దర్యాప్తు అధికారులు, ఆత్మహత్యకు సిద్ధపడినవారిని కాపాడాలని వచ్చిన అంబులెన్సులు. ఎందుకు వస్తున్నారో ఆ ఇంట్లోవారికి అర్థం కాలేదు. 2016లో ఒక పాత్రికేయురాలి పరిశోధనతో అసలు కారణం బయటపడింది. ఐపీ నంబర్లకు ప్రాంతాలను సూచించే మ్యాక్స్‌మైండ్ అనే సంస్థ, ‘ఇది అమెరికాలోనిది’ అని తప్ప మరేమీ తెలియని నంబర్లన్నిటికీ దేశం నడిబొడ్డున ఒక బిందువును గుర్తుగా పెట్టింది. లెక్క సులువుగా ఉండాలని అక్షాంశ రేఖాంశాలను పూర్ణాంకాలకు సరిచేసింది. ఆ బిందువు సరిగ్గా ఆ ఇంటి ముంగిట్లో పడింది. 60 కోట్లకు పైగా నంబర్లకు ఆ ఇల్లే చిరునామాగా కనిపిస్తూ వచ్చింది. విషయం తెలిశాక సంస్థ ఆ బిందువును ఒక చెరువు మధ్యకు మార్చింది. వచ్చినవారిలో ఎక్కువమంది దురుద్దేశంతో వచ్చినవారు కారు. తెరపై కనిపించిన బిందువును ప్రశ్నించకుండా నమ్మినవారు.

గుంటూరు జిల్లా నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందుంది. వాళ్ళ అబ్బాయి నాలుగు రోజులపాటు కాలింగ్ బెల్ మోగితే చాలు, ఉలిక్కిపడి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడట. రాత్రి అందరూ పడుకున్నాక లేచి రౌటర్ ప్లగ్గు తీసేసేవాడట. జ్వరం వచ్చి తగ్గిన నీరసమని అనుకున్నారు. నానీ తాయెత్తు కట్టించమన్నది. ఐదో రోజున వాడు అక్కతో చెప్పాడు: ఆటలో ఒకడు ఐపీ తెలుసన్నాడనీ, రెండు వేల రూపాయలు పంపకపోతే ఇంటికి మనుషులు వస్తారన్నాడనీ. ‘అంత భయపడుతూ నాకెందుకు చెప్పలేదురా అంటే, చెబితే ఫోను తీసేసుకుంటారని అన్నాడు, మౌలానా సాబ్’ అని ఆమె రాశారు. నన్ను ఆలోచనలో పడవేసింది ఆ చివరి వాక్యమే. బెదిరించినవాడి బలమంతా అక్కడే ఉంది. పిల్లవాడు పెద్దలకు చెప్పడన్న ధీమాతోనే వాడు డబ్బు అడిగాడు.

అలాగని నంబరు బయటపడితే ప్రమాదమే లేదనడం సరికాదు. ఉన్న ప్రమాదం వేరే రకానిది. వేలాది యంత్రాలతో ఒకేసారి ఆ నంబరుకు పనికిరాని సమాచారాన్ని పంపిస్తారు. దీనిని డీడాస్ దాడి అంటారు. శాదీ దావత్‌కు వచ్చిన బళ్ళతో సందు నిండిపోతే అంబులెన్సు సైతం కదలలేనట్టు, ఇంటి ఇంటర్నెట్ లైను నిండిపోయి స్తంభించిపోతుంది. ఆటలో ప్రత్యర్థి మధ్యలోనే పడిపోతాడు, దాడి చేయించినవాడు గెలుస్తాడు. దీనివల్ల ఎవరూ మీ ఫోనులోకి చొరబడరు, ఫోటోలు పోవు, బ్యాంకు ఖాతా ఖాళీ కాదు. కాని లైను ఒక్క పిల్లవాడిది కాదు కదా! అదే లైనుపై అక్క పరీక్ష రాస్తూ ఉంటుంది, భాయిజాన్ కంపెనీ పని చేస్తూ ఉంటాడు. ఆటలోని కసికి ఇల్లంతా మూల్యం చెల్లిస్తుంది.

మరి ఆ నంబరు ప్రత్యర్థి చేతికి ఎలా వెళ్తుంది? అది ఆట నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. కొన్ని ఆటలలో ఆటగాళ్ళందరూ కంపెనీ సర్వర్‌తో మాత్రమే మాట్లాడతారు. సర్వర్ ఒకరి కదలికను మరొకరికి అందిస్తుంది. మన ఇళ్ళలో పిల్లలు ఫోనులో ఆడే బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ వంటివి ఈ తరహావి. వీటిలో సాటి ఆటగాడికి మీ నంబరు కనిపించే అవసరమే రాదు. కాబట్టి ఈ ఆటల్లో ‘నీ ఐపీ తెలుసు’ అన్నవాడిది ఉత్త డాంబికమని అనుకోవడంలో తప్పు లేదు. మరికొన్ని ఆటలలో ఆటగాళ్ళ యంత్రాలే ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి. 2009లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2, కంప్యూటర్‌లో ఆడే జీటీఏ ఆన్‌లైన్ ఇలాంటివి. కంపెనీకి సర్వర్ల ఖర్చు తగ్గుతుంది, ఆటగాడి నంబరు సాటి ఆటగాడి యంత్రానికి చేరుతుంది. దానిని పట్టి చూపే సాధనాలు చాలాకాలంగా ఉన్నాయి. మైన్‌క్రాఫ్ట్‌లో ఎవరైనా సొంతంగా సర్వర్ నడిపితే, అందులో చేరే ప్రతి పిల్లవాడి నంబరూ ఆ సర్వర్ యజమానికి తెలుస్తుంది. మనవాడే ఇంట్లో సర్వర్ పెట్టి స్నేహితులను పిలిస్తే ఇంటి నంబరును తానే పంచినట్టు.

ఆట బయట కూడా దారులున్నాయి. చాట్‌లో ‘ఉచిత డైమండ్లు’ అంటూ పంపే లింకును నొక్కితే చాలు, లింకు పెట్టినవాడికి నంబరు నమోదవుతుంది. ఒకప్పుడు స్కైప్ పేరు తెలిస్తే దాని వెనుక ఉన్న నంబరు రాబట్టేవారు. 2016 జనవరిలో ఆ సంస్థ నంబర్లను మరుగుపరచింది. వాట్సాప్‌లో ఇద్దరి మధ్య కాల్ సాధారణంగా నేరుగా వెళ్తుంది కాబట్టి అవతలివారి యంత్రానికి మీ నంబరు చేరుతుంది. దీనిని ఆపే సదుపాయం 2023 చివర్లో వచ్చింది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, దాని అడుగున అడ్వాన్స్‌డ్ తెరిస్తే, కాల్స్‌లో ఐపీ అడ్రసును కాపాడే మీట కనిపిస్తుంది. దానిని ఆన్ చేస్తే మాట నాణ్యత కాస్త తగ్గవచ్చు. గల్ఫ్‌లోని అన్నయ్యతో మాట్లాడటానికి దాని అవసరం లేకపోయినా, ఆటలో పరిచయమైన ముక్కూమొహం తెలియనివారితో కాల్స్ మాట్లాడే పిల్లల ఫోనులో ఉండవలసిందే. అసలు అలాంటి కాల్స్ ఎందుకన్నది వేరే ప్రశ్న.

ఇప్పటివరకు మన పిల్లలను బాధితులుగానే తలచుకున్నాం. దాడి చేయించేవారిలో కూడా ఇదే వయసువారు ఉన్నారన్నది తల్లిదండ్రులు వినడానికి ఇష్టపడని సంగతి. దాడి చేయాలంటే విద్య అక్కర్లేదు, అద్దె చెల్లిస్తే చాలు. అలా దాడులను అద్దెకిచ్చే వెబ్‌స్ట్రెసర్ అనే సైటును 2018 ఏప్రిల్‌లో ఐరోపా పోలీసులు మూయించారు. దానిలో నమోదైన వినియోగదారులు 1,36,000 మందికి పైగా. దాని ద్వారా జరిగిన దాడులు 40 లక్షలని యూరోపోల్ ప్రకటించింది. నెలకు 15 యూరోల నుండి అద్దె. సైటు దొరికాక పోలీసులు యజమానులతో ఆగకుండా అద్దెకు తీసుకున్నవారి ఇళ్ళకు కూడా వెళ్ళారు. తమను ఎవరూ చూడలేదనుకున్నవారి జాబితా అంతా వారి చేతికి చిక్కింది మరి! మన దేశంలో ఐటీ చట్టంలోని 43, 66 సెక్షన్ల ప్రకారం ఇలా ఇతరుల కంప్యూటర్ సేవకు దురుద్దేశంతో అంతరాయం కలిగించడం నేరం. మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మక్తబ్‌లో మనం పిల్లలకు ఇతరుల ఇంటికి వెళ్ళే మర్యాదను నేర్పుతాం. తలుపుకు ఎదురుగా గాక పక్కకు నిలబడాలనీ, లోపలికి తొంగిచూడరాదనీ, మూడుసార్లు అనుమతి కోరినా జవాబు రాకపోతే తిరిగి వచ్చేయాలనీ చెబుతాం. ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ఈ మధ్య ఈ నంబరు సంగతి కూడా కలుపుతున్నాను. సాటివాడి నంబరును సాధనం పెట్టి పట్టడం తలుపు సందులోంచి చూడటం కాదా అని అడిగితే పిల్లలు ముందు నవ్వుతారు, తరువాత వాదిస్తారు. ‘హజ్రత్, వాడే ముందు మోసం చేశాడు’ అన్నాడొకడు. వాదన మంచిదే. ఆ అబ్బాయికి ఏం చేయవచ్చో తెలుసని దానివల్ల నాకు అర్థమైంది.

ఆట కోసం మొదలైన దాడి ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే మిరాయ్ ఉదంతం చూడాలి. 2016లో ఇరవై ఏళ్ళు అటూఇటూ వయసున్న ముగ్గురు అమెరికా యువకులు దానిని తయారుచేశారు. వారి దృష్టి అంతా మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల వ్యాపారంపై ఉండేది. పోటీ సర్వర్‌ను పడగొడితే ఆటగాళ్ళు ఇటు వస్తారన్నది లెక్క. మిరాయ్ చేసే పని చాలా సాదాసీదా పని. ఇంటర్నెట్‌కు తగిలించిన సీసీ కెమెరాలనూ రౌటర్లనూ వెతికి, కంపెనీవారు పెట్టి పంపిన అరవై చిల్లర పేరు-పాస్‌వర్డ్ జతలను వరుసగా ప్రయత్నించడం. కొన్నవారు పాస్‌వర్డ్ మార్చి ఉండరన్న నమ్మకం దాని పునాది. ఆ నమ్మకం వమ్ము కాలేదు. ఒక దశలో 6 లక్షల పరికరాలు దాని వశమయ్యాయి. దాని కోడ్‌ను వారు బయట పెట్టేశాక, ఆ ఏడాది అక్టోబరు 21న వేరెవరో దాని ఆధారంగా డిన్ అనే సంస్థపై దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. 2017 డిసెంబరులో ఆ ముగ్గురూ నేరం ఒప్పుకున్నట్టు ప్రభుత్వం వెల్లడించింది. కెమెరాల సొంతదారులకు మాత్రం తమ గుమ్మం ముందరి కెమెరా ఎవరి మీదనో దాడిలో పాల్గొన్నదని తెలియనే తెలియదు. ఈ వ్యాసం చదివాక ఒక్క పని చేసేటట్టయితే, ఇంటి కెమెరాకూ రౌటర్‌కూ బిగించిన నాటి పాస్‌వర్డే ఉన్నదేమో చూసి మార్చండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ లోపలి సెట్టింగుల పాస్‌వర్డ్ వేరు. రెండోదానిని ‘అడ్మిన్’ అనే వదిలేసిన ఇళ్ళు మన మధ్య ఎన్నో ఉంటాయి.

ఇక మొదట్లో వాయిదా వేసిన విషయం. ‘మీ ఇల్లు నాకు తెలుసు’ అన్న మాట ఎలా నిజమవుతుంది? మళ్ళీ కాన్సాస్‌కే వెళ్ళాలి. పాట్విన్ ఉన్న రాష్ట్రంలోనే విచిటా నగరం ఉంది. 2017 డిసెంబరు 28న కాల్ ఆఫ్ డ్యూటీ ఆటలో ఇద్దరు కుర్రవాళ్ళకు గొడవ వచ్చింది. పందెం ఒకటిన్నర డాలరు. ఒకడు ‘దమ్ముంటే రా’ అన్నట్టు ఒక చిరునామా ఇచ్చాడు. అది అతని కుటుంబం ఒకప్పుడు ఉన్న ఇల్లు. రెండోవాడి పురమాయింపుతో లాస్ ఏంజెలెస్‌లోని మరొకడు విచిటా పోలీసులకు ఫోను చేసి, ఆ ఇంట్లో హత్య జరిగిందనీ, తాను మరికొందరిని తుపాకీతో నిర్బంధించాననీ అబద్ధం చెప్పాడు. పోలీసులు ఇల్లు చుట్టుముట్టారు. అలికిడికి తలుపు తీసిన 28 ఏళ్ళ యువకుణ్ణి కాల్చి చంపారు. ఇద్దరు పిల్లల తండ్రి అయిన అతనికి ఆ ఆటతో గాని, ఆ కుర్రవాళ్ళతో గాని ఏ సంబంధమూ లేదు. ఫోను చేసినవాడికి 2019 మార్చిలో 20 ఏళ్ళ శిక్ష పడింది.

ఇక్కడ గమనించవలసింది, ఆ చిరునామా ఐపీ నంబరు నుండి రాలేదు. ఆటగాడి నోటి నుండి వచ్చింది. మన పిల్లలు పౌరుషానికి చిరునామా ఇవ్వకపోవచ్చు. కాని ఆటలోని పేరులో సొంత పేరు, ఊరి పేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టుకుంటారు. అదే పేరు ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా ఉంటుంది. అక్కడ బడి యూనిఫారంలో ఫోటో ఉంటుంది. మైకు తెరిచి ఉండగా అమ్మీ వంటగదిలోంచి పూర్తి పేరుతో పిలుస్తుంది, ‘ట్యూషన్‌కు టైమైంది’ అంటూ ఫలానా సార్ పేరు చెబుతుంది. నంబరు ఇచ్చేది తప్పో ఒప్పో ఒక ఊరి పేరు. ఈ ముక్కలన్నీ దాని పక్కన చేర్చినవాడికి వీధి కూడా దొరుకుతుంది. నంబరును దాచే యంత్రాలు కొనడం కన్నా ఈ ముక్కలను తగ్గించడం ముఖ్యం.

యంత్రాలంటే గుర్తొచ్చింది. పిల్లలు దీనికంతా వీపీఎన్ మందు అంటారు. వీపీఎన్ పెడితే నిజమే, అవతలివారికి దాని నంబరు కనిపిస్తుంది గాని మనది కాదు. కాని మన రాకపోకలన్నీ ఆ వీపీఎన్ నడిపేవాడి చేతుల మీదుగా వెళ్తాయి. ఉచితంగా ఇచ్చేవాడు బతకడానికి ఏదో అమ్ముకోవాలి. 2015లో హోలా అనే పేరుపొందిన ఉచిత వీపీఎన్ తన వినియోగదారుల ఇంటర్నెట్ లైన్లనే ఇతరులకు అమ్ముతున్నదని బయటపడింది. అలా అమ్మిన లైన్ల ద్వారా ఒక వెబ్‌సైటుపై దాడి కూడా జరిగింది. నంబరు దాచుకోబోయి నంబరును అద్దెకిచ్చినట్టయింది. ఫోనులో బీజీఎంఐ ఆడే పిల్లవాడికి అసలు దీని అవసరమే లేదు.

గుంటూరు సోదరికి నేను రాసిన జవాబు ఇది. ఫోను లాక్కోవద్దు. చెప్పినందుకు శిక్ష పడిందని వాడు అనుకుంటే, రెండోసారి వచ్చే బెదిరింపు మీకు తెలియదు. ఆట సమయం తగ్గించదలిస్తే నెల తరువాత, ఈ సంగతితో ముడిపెట్టకుండా తగ్గించండి. డబ్బు పంపవద్దు. ఆ చాట్‌ను తుడిచేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, తేదీ, సమయం, ఆటలోని అతని ఐడీ కాగితంపై రాసి పెట్టుకోండి. ఆటలోనే అతనిపై రిపోర్టు చేసి బ్లాక్ చేయండి. డబ్బు అడగడం బలవంతపు వసూలు కిందికి వస్తుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఇంటి నుండే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఒకవేళ డబ్బు అప్పటికే వెళ్ళి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. లైను నిజంగానే పదేపదే పడిపోతూ ఉంటే రౌటర్‌ను కొంతసేపు ఆపి మళ్ళీ వేయండి. చాలా ఇళ్ళకు నంబరు స్థిరంగా ఉండదు, కొత్తది వస్తుంది. రాకపోతే ఇంటర్నెట్ సంస్థకు ఫోను చేసి ‘మా ఐపీపై దాడి జరుగుతోంది, మార్చండి’ అని ఆ మాటలతోనే చెప్పండి. ‘నెట్ రావడం లేదు’ అంటే మనిషిని పంపి వైరు చూసి వెళ్తారు.